స్నేహితులతో ఫిలింసిటీలో ఒక రోజు

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే బస్సుల్లో ప్రయాణం చేసినవారికి అబ్దుల్లాపూర్‌మెట్టు సమీపాన రోడ్డు పక్కన కనిపించే రామోజీ ఫిలింసిటీ పేరు కొత్తకాదు. మా కోదాడ ప్రాంతం వాళ్లమైతే ఆసుపత్రికనీ, పిల్లల కాలేజీ సీట్లకనీ, పెళ్లి బట్టలకనీ ఏడాదికి నాలుగైదుసార్లయినా ఆ దారినే పోతుంటాం. పోయిన ప్రతిసారీ పిల్లలు కిటికీలోనుంచి చెయ్యి చూపించి "ఎప్పుడు తీసుకెళ్తారు?" అని అడగడం, పెద్దలం "ఈసారి" అనడం మామూలైపోయింది. ఆ "ఈసారి" గత జనవరిలో వచ్చింది.

నాలుగు కుటుంబాలవాళ్లం కలిసి వెళ్లాం. పిల్లలతో కలిపి పద్నాలుగుమందిమి. మేమంతా ఒకే బడిలో చదువుకొని, ఒకే ఊళ్లో స్థిరపడిన చిన్ననాటి స్నేహితులం. వ్యవసాయం చేసేవారు ఇద్దరు, ఒకరు టీచరు, ఒకరు తాపీ మేస్త్రి. మా వంటి సంసారాలకు ఒక్కరోజు సరదాకోసం ఇంత డబ్బు ఖర్చు చెయ్యడం చిన్న సంగతి కాదు. అందుకని పది నెలల ముందునుంచే ఇంటికి నెలకు కొంత చొప్పున టీచరమ్మ దగ్గర దాచుకుంటూ వచ్చాం. ఎవరికీ అప్పు కాకుండా వెళ్లి రావాలన్నది మా మొదటి నియమం.

రెండో నియమం ఏమిటంటే, మేస్త్రి అన్నయ్య రాకుండా బండి కదలకూడదని. మూడేళ్ల క్రితం పరంజా మీదనుంచి పడి ఆయన తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయింది, లోపల రాడ్డు వేశారు. చేతికర్రతో నడుస్తాడుగానీ మళ్లీ గోడ ఎక్కే వీల్లేదు. మా ఊళ్లో సగం ఇళ్లు ఆయన చేతిమీద లేచినవే. అటువంటి మనిషి మూడేళ్లుగా అరుగుమీదే కూర్చుని, పలకరిస్తే తప్ప పలకకుండా ఉండిపోయాడు. వదిన కూలికి వెళ్లి ఇల్లు నడుపుతోంది. రమ్మని అడిగితే, "నడవలేనోణ్ణి, మీకు బరువవుతాను. పిల్లల్ని తీసుకుపోండి చాలు" అన్నాడు. నాలుగు సాయంత్రాలు వరుసగా ఆయన అరుగుమీద కూర్చున్నాక, మా పోరు పడలేక ఒప్పుకున్నాడు.

మరొక మాట కూడా చెప్పాలి. మా సంఘంలో సినిమాలంటే పెద్దలకు సదభిప్రాయం లేదు. "సినిమాలు చూడొద్దని పిల్లలకు చెప్పేవాళ్లమే, సినిమా ఊరికి తీసుకుపోతామా?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. "తెరమీద బొమ్మ ఎలా తయారవుతుందో పిల్లలు వెనకనుంచి చూస్తే, ముందున్నదానికి అంత తేలిగ్గా మోసపోరు" అని టీచరమ్మ జవాబు చెప్పింది. ఆ మాట ఎంతవరకు నిజమైందో చదువరులే చూడగలరు.

రాళ్లగుట్టల మధ్య

తెల్లవారుజామున ఐదు గంటలకు వ్యానులో బయలుదేరాం. ఒకప్పుడు 9వ నంబరుగా ఉన్న ఈ జాతీయ రహదారి ఇప్పుడు 65వ నంబరు. సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటుకుంటూ వెళ్లాలి. హైదరాబాదు ఊళ్లోకి పోనక్కరలేదు. నగరానికి ముప్పై కిలోమీటర్ల ఇవతలే ఫిలింసిటీ వస్తుంది. చౌటుప్పల్ దాటాక ఒక చెట్టుకింద ఆగి, ఇంటినుంచి తెచ్చిన పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు తిని, తొమ్మిది గంటలకల్లా గేటు దగ్గరకు చేరుకున్నాం.

ఈ స్థలం రంగారెడ్డి జిల్లా అనాజ్‌పూర్ గ్రామ పరిధిలోనిది. చుట్టూ దక్కను పీఠభూమికి సహజమైన రాతిగుట్టలు. నాగలి దిగని నేల. 1996లో ప్రారంభమైన ఈ ఫిలింసిటీ విస్తీర్ణం 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మా ఊరి మాగాణి, మెట్ట అంతా కలిపినా అంత ఉండదని మా రైతు మిత్రుడు లెక్కగట్టి చెప్పాడు.

కట్టించినవారు చెరుకూరి రామోజీరావుగారు. కృష్ణాజిల్లా పెదపారుపూడిలో 1936లో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. 1974లో విశాఖపట్నంలో 'ఈనాడు' పత్రిక ప్రారంభించారు. 2016లో పద్మవిభూషణ్ పొందారు. 2024 జూన్ 8న కన్నుమూశారు. అంత్యక్రియలు కూడా ఈ ఫిలింసిటీలోనే ప్రభుత్వ లాంఛనాలతో జరిగాయి. ఈ నగరానికి రూపకల్పన చేసినవారు నితీశ్ రాయ్ అనే కళాదర్శకులు.

ఇంత పెద్ద ఊరు దేనికి కట్టారని పిల్లలు అడిగారు. తెలుగు సినిమాలు చాలాకాలం మద్రాసులోనే తయారయ్యేవి. క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చాయి. సినిమా తీసేవారికి ఒకరోజు రైల్వే స్టేషను కావాలి, మరుసటి రోజు జైలు కావాలి, ఆ తరువాత రాజమహలు కావాలి. నిజమైన స్టేషనులో తీయాలంటే అనుమతులు, జనం, రైళ్ల వేళలు, అన్నీ అడ్డమే. అవన్నీ ఒకేచోట కట్టి ఉంచితే పని సులువవుతుంది, ఖర్చు కలిసివస్తుంది. షూటింగు లేని తావులను టికెట్టుమీద జనానికి చూపిస్తే స్టూడియోకు మరో ఆదాయం. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో యూనివర్సల్ స్టూడియోవారు 1964 నుంచి ఇలా యాత్రికులను బండ్లలో తిప్పి చూపిస్తున్నారు.

ఎర్రబస్సులో ఊరంతా

గేటు దగ్గర మన బండి వదిలేసి వారి బస్సు ఎక్కాలి. గుట్టల మధ్యగా పోయి 'యురేకా' అనే చోట దించుతారు. కోట బురుజుల్లాంటి ద్వారాలు, దుకాణాలు, భోజనశాలలు అన్నీ అక్కడే. అక్కడినుంచి ఎర్రరంగు వేసిన పాతకాలపు నమూనా బస్సుల్లో కూర్చోబెట్టి సినిమా సెట్టింగులు చూపిస్తారు. నడకలో ఇబ్బంది ఉన్నవారికి ఈ బస్సు యాత్ర ఎంతో అనుకూలం. మేస్త్రి అన్నయ్యను కిటికీ పక్కన కూర్చోబెట్టాం. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

ఉత్తరాది బజారు ఒకటి వచ్చింది. ఆ వెంటనే విదేశపు వీధి ఒకటి వచ్చింది. మలుపు తిరిగితే మొగలాయి తోట, ఆ తరువాత జపాను తోట. విమానాశ్రయం ఉంది, జైలు ఉంది, పట్టాలూ ప్లాట్‌ఫారమూ ఉన్న రైల్వే స్టేషను ఉంది. స్టేషను పేరు బోర్డు మారిస్తే ఒకే ప్లాట్‌ఫారం నేడు రాజమండ్రి, రేపు వరంగల్లు. కొన్ని కట్టడాలకు ఒక్కో వైపు ఒక్కో ముఖం. ఎదురుగా చూస్తే ఒక ఆఫీసు, పక్కకు వెళితే వేరే ఇల్లు. ఎల్లోరా, అజంతాలను తలపించే గుహలు కూడా ఉన్నాయి.

ఒక ఇంటి తలుపు తోసి లోపలికి తొంగిచూసిన మా ఏడేళ్ల పిల్లవాడు వెనక్కి పరుగెత్తుకు వచ్చి, "నాన్నా, లోపల ఇల్లు లేదు!" అని అరిచాడు. నిజమే. ముందు గోడ మాత్రమే ఉంది. వెనక ఇనుప కమ్మీలు, చెక్క ఆనింపులు. మేడ మీద కిటికీకి కట్టిన తెల్లని తెర గాలికి ఊగుతోంది, దాని వెనక గదే లేదు. పిల్లలందరూ నవ్వారు. వాడు మాత్రం ముఖం చిన్నబుచ్చుకొని, "అయితే అంతా అబద్ధమేనా?" అన్నాడు. ఆ ప్రశ్నకు అప్పుడు మాలో ఎవ్వరం జవాబు చెప్పలేదు.

గోడ వెనుక

మధ్యాహ్నానికి ముందు 'బాహుబలి' చిత్రాల కోసం వేసిన మాహిష్మతి సెట్టింగు దగ్గరకు చేరాం. 2015లోనూ, 2017లోనూ వచ్చిన ఆ రెండు చిత్రాలకు కళాదర్శకుడు సాబు సిరిల్. ఎత్తయిన స్తంభాలు, ఏనుగుల శిల్పాలు, కోటగోడలు. చూస్తే కొండరాయి చెక్కినట్టే ఉంటుంది. అందరం ఫొటోల హడావుడిలో ఉంటే, మేస్త్రి అన్నయ్య ఒక పీఠం దగ్గర నిలబడి వేలిముడితో మెల్లగా తట్టి చూశాడు. లోపల డొల్లగా మోగింది.

కొంచెం దూరంలో ఒక పనివాడు చిన్న గమేళాలో తెల్లని ముద్ద కలిపి, ఒక అంచుకు పూత పూస్తున్నాడు. అన్నయ్య కర్ర పొడుచుకుంటూ అతని దగ్గరకు వెళ్లాడు. కాసేపు ఊరికే చూశాడు. తరువాత, "నీళ్లు కొంచెం తక్కువ పడ్డట్టున్నాయి తమ్ముడూ" అన్నాడు. పనివాడు తలెత్తి చూసి, "మీదీ ఈ పనేనా పెద్దయ్యా?" అన్నాడు. "ముప్పై ఏళ్లు చేశాను" అన్నాడు అన్నయ్య. మూడేళ్లలో తన పని గురించి ఆయన నోట మేము విన్న మొదటి మాట అది. వదిన మా వంక చూసింది. మేము కదిలితే ఆ మాట ఆగిపోతుందేమోనని ఎక్కడివాళ్లం అక్కడే నిలబడిపోయాం.

ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఆ తరువాత అన్నయ్య పిల్లలందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన చెప్పినదాన్ని మేమూ విన్నాం గనుక, చదువరులకోసం ఇక్కడ రాస్తున్నాం.

ఇలాంటి శిల్పాన్ని ముందుగా బంకమట్టితో చేస్తారు. దానిమీద పూత పూసి మూస తీస్తారు. మూసలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తారు. బలంకోసం మధ్యలో కొబ్బరి పీచు వేస్తారు. ఒక మూసతో ఒకేరకం పువ్వులు వంద తీయవచ్చు. లోపల ఇనుప చట్రం, చెక్క పలకలు పెట్టి బిగిస్తారు. పైన రాతి రంగు వేసి, పగుళ్లు, నాచు కూడా కుంచెతోనే గీస్తారు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అనేది జిప్సం అనే ఖనిజాన్ని సుమారు నూట యాభై డిగ్రీల వేడిలో కాల్చి చేసిన పొడి. ఆ వేడికి జిప్సంలోని నీరు చాలావరకు పోతుంది. మళ్లీ నీళ్లు కలిపితే పోయిన నీటిని తిరిగి పట్టుకొని గట్టిపడుతుంది. పారిస్ నగరం దగ్గర జిప్సం గనులుండేవి గనుక ఆ పేరు వచ్చింది. సిమెంటు గట్టిపడటానికి గంటలు పడుతుంది, పూర్తి బలం రావడానికి ఇరవై ఎనిమిది రోజులు తడపాలంటారు. ఈ పొడి కలిపాక పావుగంట, ఇరవై నిమిషాల్లోనే బిగుసుకుంటుంది. అందుకే దీనితో పనిచేసేవాడి చెయ్యి చురుగ్గా ఉండాలి. నీళ్లు తగిలితే చెడుతుంది కనుక, ఎండావానల్లో చాలాకాలం నిలవాలంటే ఫైబరు వాడతారు, లేదా సిమెంటు పూత వేస్తారు.

ఇదంతా చెప్పి, పొద్దున ముఖం చిన్నబుచ్చుకున్న పిల్లవాణ్ణి దగ్గరకు తీసుకొని, "ఒరేయ్ చిన్నోడా, కోట ఉత్తిదేరా. కానీ దాన్ని చేసిన చెయ్యి ఉత్తిది కాదు. ఆ పువ్వు చూడు, ఎంత వాటంగా తీశాడో! అది అబద్ధం చెప్పి చేసే పని కాదు" అన్నాడు. వాడికి ఎంత అర్థమైందో తెలియదుగానీ, ఆ తరువాత కనబడిన ప్రతి గోడనూ తట్టి, "ఇది రాయి, ఇది ప్లాస్టరు" అని చెప్పుకుంటూ నడిచాడు.

టీచరమ్మ టాంగా

మధ్యాహ్నం భోజనాలయ్యాక 'మూవీ మ్యాజిక్' అనే ప్రదర్శన చూశాం. సినిమా ఎలా తీస్తారో చూపించడానికి ప్రేక్షకుల్లోనుంచే కొందరిని పైకి పిలుస్తారు. మా టీచరమ్మను పిలిచారు. 'షోలే' (1975) చిత్రంలో టాంగా పరుగు ఉంది కదా, దానిని పోలిన సన్నివేశం. గుర్రం లేని బండిమీద ఆమెను కూర్చోబెట్టి చేతికి కొరడా ఇచ్చారు. బండిని ఊపుతున్నారు. ఎప్పుడూ బడిపిల్లలను "కదలకుండా కూర్చోండి" అనే మనిషి, కొంగు బిగించి "హై! హై!" అని అరుస్తుంటే మాకు నవ్వాగలేదు.

తరువాత అదే దృశ్యాన్ని తెరమీద వేశారు. టీచరమ్మ రాతిగుట్టల మధ్య దుమ్ము రేపుకుంటూ దూసుకుపోతోంది! ఇందులో కిటుకు ఇది: నటించేవారి వెనక ఒకే రంగు తెర, సాధారణంగా ఆకుపచ్చదో నీలిదో, కడతారు. తరువాత ఆ రంగు ఉన్న చోటల్లా యంత్రం తుడిచివేసి, వేరేచోట తీసిన కొండలనో ఆకాశాన్నో అక్కడ అతికిస్తుంది. మనిషి ఒంటిరంగులో ఆకుపచ్చ, నీలం ఉండవు గనుక ఆ రంగులు ఎంచుకుంటారు. గుర్రపు డెక్కల చప్పుడు, ఉరుము, తలుపు కిర్రుమనడం కూడా తరువాత విడిగా చేర్చేవే.

"ఇకమీదట ఎవడైనా హీరో పదిమందిని ఒక్క దెబ్బకు పడగొడితే నేను నమ్మను" అన్నాడు మా పెద్దబ్బాయి. మా సంఘపు పెద్దాయన అక్కడ ఉండి ఆ మాట వింటే బాగుండుననిపించింది.

పిల్లల లోకం

మిగిలిన పొద్దంతా పిల్లలదే. 'ఫండుస్తాన్'లో చిన్నపిల్లలకు తగిన ఆటలున్నాయి. పెద్ద పిల్లలకు గిర్రున తిప్పే యంత్రాలున్నాయి. 'బొరాసుర' అనే చీకటి గుహలోకి ధైర్యంగా వెళ్లిన ముగ్గురు, ఒకరి చొక్కా ఒకరు పట్టుకొని బయటికి వచ్చారు. అమెరికా పశువుల కాపరుల వేషాల్లో తుపాకులు పేల్చే సాహస ప్రదర్శన చూశాం. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట, తొట్లలో పెంచిన మరుగుజ్జు మర్రిచెట్ల తోట ఆడవాళ్లకు ఎక్కువ నచ్చాయి. మా రైతు మిత్రులిద్దరూ ఇంత రాతినేలలో ఇన్ని మొక్కలకు నీళ్లు ఎలా పెడుతున్నారోనని డ్రిప్పు గొట్టాలు వెతుక్కుంటూ తిరిగారు. ఎవరి చూపు వారిది!

మేస్త్రి అన్నయ్య ఆ రెండు గంటలూ ఫౌంటెను గట్టుమీద కూర్చున్నాడు. ఈసారి ఆయన చేతిలో టీచరమ్మ నోటుపుస్తకం ఉంది. అందులో స్తంభాల తలకట్లు, మూలల పువ్వులు ఒక్కొక్కటే పెన్సిలుతో గీసుకుంటున్నాడు. టీ తెచ్చిచ్చిన వదినతో, "ఇది కూర్చుని చేసే పనే" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు తుడుచుకొని, టీ చల్లారిపోతోందని మాత్రం చెప్పింది.

తిరుగు ప్రయాణం

సాయంత్రం ఐదున్నర దాటాక బయటపడ్డాం. వ్యానులో పిల్లలు ఐదు నిమిషాల్లో నిద్రపోయారు. పెద్దలం మాత్రం చిట్యాల దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. దాచుకున్న డబ్బులో చివరికి నాలుగు వందల ఇరవై రూపాయలు మిగిలాయి. అప్పు లేదు. రాత్రి పదిన్నరకు క్షేమంగా ఇల్లు చేరాం.

ఆ మిగిలిన డబ్బుకు మరికొంత కలిపి, తరువాతి వారం కోదాడ నుంచి రెండు బస్తాల ప్లాస్టరు తెచ్చాం. ఇప్పుడు మేస్త్రి అన్నయ్య అరుగుమీద బంకమట్టితో మూసలు తీస్తున్నాడు. కొత్త ఇళ్ల లోకప్పులకు పువ్వులు, అంచు పట్టీలు పోస్తున్నాడు. పది తప్పి ఊరికే తిరుగుతున్న ఇద్దరు కుర్రవాళ్లు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నారు. పెద్ద సంపాదన కాదు. కొన్ని వారాలు ఒక్క బేరం కూడా రాదు. తుంటి నొప్పి అలాగే ఉంది. అయినా, "నీళ్లు ఎక్కువయ్యాయిరా!" అని ఆయన కుర్రవాళ్లను కేకలేస్తుంటే వీధి చివరకు వినబడుతోంది. ఆ కేకకోసం మా వీధి మూడేళ్లు ఎదురుచూసింది.

వెళ్లదలచినవారికి కొన్ని సూచనలు

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు చలికాలమే అనుకూలం. ఎండాకాలం ఆ రాతిగుట్టల వేడికి పిల్లలు, వృద్ధులు తట్టుకోలేరు. టికెట్టు ధరలు మారుతుంటాయి కనుక ముందుగా విచారించుకొని, దానికి భోజనం, వ్యాను కిరాయి కలిపి లెక్క వేసుకోండి. అన్నీ ఒక్కరోజులో చూడలేరు. ఉదయం బస్సు యాత్ర, మధ్యాహ్నం ఒకటి రెండు ప్రదర్శనలు, సాయంత్రం పిల్లల ఆటలు అని ముందే నిర్ణయించుకుంటే హైరానా ఉండదు. ఎత్తులో తిప్పే యంత్రాలు గుండెజబ్బు, నడుమునొప్పి ఉన్నవారికీ, గర్భిణీ స్త్రీలకూ తగవు. నడకకు అలవాటైన పాత చెప్పులే వేసుకోండి. పిల్లల జేబులో పెద్దవాళ్ల ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, "నేను రాలేను, మీకు బరువు" అనే మనిషి మీ వీధిలో ఎవరైనా ఉంటే, బండిలో కిటికీ పక్క సీటు వారికోసం ఖాళీగా ఉంచండి.